ఊళ్ళు తిరిగే కోళ్ళు

"మేడమ్, కోళ్ళు ఊళ్ళు తిరుగుతున్నాయి. ఫోన్లో చెప్పేది కాదు. సాయంత్రం ఆఫీసుకొచ్చి చెప్తాను."

తనిఖీ గుమాస్తా నాతో అన్న ఆఖరి మాట అది. మొన్న మధ్యాహ్నం అన్నాడు. ఆ సాయంత్రం రాలేదు. నిన్న రాలేదు. ఈ పొద్దున అతని మోటారు సైకిలు ఒక కోళ్ళ రైతు షెడ్డు వెనక ముళ్ళకంపల్లో దొరికింది. మనిషి మాత్రం లేడు.

మామూలు మనిషయితే నేనింత కంగారు పడను. అతను చక్కెర రోగి. పూటపూటా ఇన్సులిన్ సూది పొడుచుకోకపోతే ప్రాణం మీదకొస్తుంది. ఆ సూది మందు ఆ రోజు ఇంట్లోనే మరిచిపోయి వెళ్ళాడని అతని భార్య పోలీసు స్టేషను వరండాలో కూర్చుని చెప్పింది. చెప్తూ నా మొహంలోకి చూడలేదు. కొంగు అంచు మెలిపెడుతూ కూర్చుంది. రెండు రోజులుగా ఏడ్చిన కళ్ళు కదా అనుకుని నేనూ రెట్టించలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. మహమ్మారి వచ్చి సంతలన్నీ మూతపడ్డాక, కొనేవాళ్ళు లేక, మేపే స్తోమత లేక, రైతులు బతికున్న కోళ్ళనే గోతుల్లో పూడ్చిపెట్టారు. అది ఆపడానికి ప్రభుత్వం ఒక సాయం ప్రకటించింది. షెడ్డులో బతికున్న ప్రతి కోడికీ దాణా ఖర్చు ఇస్తారు. గుమాస్తా వెళ్ళి కోళ్ళను కళ్ళారా చూసి సరేనంటే రైతు ఖాతాలో సొమ్ము పడుతుంది. ఆ సొమ్ము పడాల్సినవాళ్ళకే పడుతోందా లేదా అని చూసే విజిలెన్స్ అధికారిని నేను. ముక్కుసూటి మనిషినని మా ఆఫీసులో పేరు. నోరు మంచిది కాదని కూడా అంటారు, అదీ నిజమే.

లోపలికి వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టరు బల్ల మీద కాళ్ళు పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి దించాడు. అధికారినని కాదు, వదిననని. అతను మా ఆయనకు స్వయానా తమ్ముడు. ఇంటికొస్తే నేను వడ్డించింది మారుమాట్లాడకుండా తినిపోతాడు. ఒంటి మీద యూనిఫారం పడిందంటే మాత్రం నేనెవరో అతనికి తెలియదు.

"మీరు వచ్చేసరికే కేసు తేలిపోయింది వదినా. హంతకుడు లాకప్పులో ఉన్నాడు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడుతున్నా."

"హంతకుడా? శవమేదీ?"

"దొరుకుతుంది."

"అంటే నువ్వు వెతికేది శవాన్ని. బతికున్న మనిషిని వెతికేవాళ్ళెవరయ్యా ఈ ఊళ్ళో?"

అతని మొహం మాడిపోయింది. కానిస్టేబులు నవ్వు దాచుకోవడానికి మాస్కు పైకి లాక్కున్నాడు.

లాకప్పులో ఉన్న రైతును ఊరంతా బక్కాయన అంటారు. చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టుంటాడు. ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

"గుమాస్తా నీ షెడ్డుకి ఎప్పుడొచ్చాడు?"

"మొన్న మధ్యాహ్నమండి. చూసుకుని వెళ్ళిపోయారండి."

"అప్పుడు కోళ్ళున్నాయా?"

"నిండుగా ఉన్నాయండి."

"మరి ఈ పొద్దున పోలీసులు వెళ్తే ఈకలు తప్ప ఏమీ లేవట?"

"అమ్మేశానండి."

"సంతలు లేవు, హోటళ్ళు లేవు. ఆ పుణ్యాత్ముడెవరో చెప్పు, జిల్లాలో కోళ్ళన్నీ ఆయనకే తోలిద్దాం."

ఇన్‌స్పెక్టరు గోడకు చేరబడి, చూశారా అన్నట్టు కళ్ళెగరేశాడు. "లేని కోళ్ళకు డబ్బులడిగాడు. గుమాస్తా కుదరదన్నాడు. తలమీద ఒకటి వేశాడు. ఇంతే వదినా."

"నేనెవర్నీ కొట్టలేదండి! నా పిల్లల మీద ఒట్టు!" బక్కాయన ఊచలు పట్టుకున్నాడు. అబద్ధం ఆడుతున్నాడని తెలుస్తూనే ఉంది. కానీ ఆ అబద్ధం కోళ్ళ గురించి. గుమాస్తా మాటెత్తితే మాత్రం అతని కళ్ళల్లో భయమే తప్ప దొంగచూపు లేదు.

అప్పుడే రైతు సంఘం కార్యదర్శి లోపలికొచ్చాడు. చిన్నా పెద్దా అందరికీ పెద్దన్న ఆయన. తెల్ల చొక్కా, ఉతికి ఇస్త్రీ చేసిన మాస్కు. రెండు రోజులుగా కారేసుకుని గుమాస్తా కోసం ఊరూరా తిరుగుతున్నాడట. గుమాస్తా భార్యకు పూటపూటా అన్నం పంపిస్తున్నాడట. ఆవిడ ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తోంది.

"ఏమైనా తెలిసిందా మేడమ్? ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నాను," అన్నాడు.

"మీకూ కోళ్ళున్నాయా?"

"అబ్బే, ఆ తలనొప్పి మానేసి పదేళ్ళు దాటింది. దాణా అమ్ముకుంటున్నాను, అంతే."

"షెడ్డు చూడాలి. మీరూ రండి."

"వదినా, మావాళ్ళు చూసేశారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీవాళ్ళు బండి చూశారు. నేను షెడ్డు చూస్తాను."

జీపులో బక్కాయన్ని కూడా ఎక్కించుకున్నాం. దారి పొడుగునా నా మనసు గుమాస్తా మీదే ఉంది. ఎన్ని పూటల మందు తప్పిందో లెక్కపెట్టుకోవాలంటేనే భయం వేసింది. ఇన్‌స్పెక్టరు మాత్రం మా అత్తగారి మోకాలి నొప్పి గురించి అడుగుతున్నాడు.

షెడ్డు తలుపును బక్కాయన భుజంతో నెట్టాడు. అది దబ్బున గోడకు కొట్టుకుంది. లోపల వెలుతురుంది, గాలుంది, నిశ్శబ్దం ఉంది.

నెల రోజులుగా నేను చూస్తున్నవన్నీ షెడ్డులే. కోళ్ళు నిజంగా పెరిగిన షెడ్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేల మీద పరిచిన పొట్టు రెట్టతో కలిసి అట్టలు కడుతుంది. ఇక్కడ పొట్టు కొత్తగా, పొడిగా, కాలు పెడితే లేస్తోంది. పైనుంచి తాళ్ళతో వేలాడే దాణా తొట్లు చూశాను. పిల్ల ఎదిగేకొద్దీ రైతు తాడు బిగించి తొట్టిని పైకి లేపుతాడు, కోడి వీపు ఎత్తుకు. ఈ తొట్లు నేలకు జానెడెత్తులో ఉన్నాయి. గుడ్డులోంచి నిన్న బయటికొచ్చిన పిల్లలకు పెట్టే ఎత్తది.

వంగి పొట్టు కెలికాను. అక్కడక్కడా పడిన తాజా రెట్టలో పసుప్పచ్చటి స్పాంజి ముక్కలు కనిపించాయి. ఇంకొంచెం కెలికితే ఎర్ర రెగ్జిన్ పేలికలు. కోళ్ళు కనపడిందల్లా పొడుస్తాయి, సందేహం లేదు. కానీ ఈ షెడ్డులో స్పాంజి ఎక్కడిది? రుమాల్లో మూటగట్టుకున్నాను.

"చెత్త ఏరుకుంటున్నారా వదినా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నువ్వు వదిలేసింది ఏరుకుంటున్నా."

షెడ్డు మధ్యలో చెక్కల అడ్డుగోడ, దానికో తలుపు ఉన్నాయి. "అవతల సగం కూడా చూద్దాం," అన్నాను. అందరికన్నా ముందు పెద్దన్న నడిచాడు. తలుపు ముందు ఆగాడు. వేళ్ళ కణుపులతో మెల్లగా రెండుసార్లు తట్టాడు. నాలుకతో టక్ టక్‌మని చిన్న చప్పుడు చేశాడు. ఒక్క క్షణం ఆగి, అప్పుడు తలుపు కొద్దిగా తీశాడు.

ఇన్‌స్పెక్టరు పగలబడి నవ్వాడు. "ఎవరున్నారని పెద్దన్నా తలుపు కొట్టారు? మీ అత్తగారిల్లా?"

పెద్దన్న కూడా నవ్వాడు. "ఏదోలెండి, పరధ్యానం."

నాకు నవ్వు రాలేదు. కోళ్ళున్న షెడ్డు తలుపు ఏ రైతూ ఒక్కసారిగా తీయడు. బెదిరితే అవన్నీ ఒక మూలకు పరిగెత్తి ఒకదానిమీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. అందుకే తట్టి, నేనొస్తున్నానని చెప్పి మరీ తీస్తారు. మొన్నటిదాకా కోళ్ళున్నాయన్న బక్కాయన తలుపును భుజంతో నెట్టేశాడు, అతని చెయ్యి ఆ అలవాటు మరిచిపోయింది. పదేళ్ళ కిందట మానేశానన్న మనిషి చెయ్యి మాత్రం మరవలేదు. ఈ మనిషి ఇవాళో నిన్నో కోళ్ళ మధ్యకు వెళ్ళొచ్చాడు.

మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, "పెద్దన్నా, ఆ అమ్మాయి స్టేషన్లో ఒక్కతే ఉంది. మీరు వెళ్ళి కాస్త దగ్గరుండండి. మాకిక్కడ ఇంకా టైము పడుతుంది," అన్నాను. ఆయన లేకపోతే బక్కాయన నోరు విప్పుతాడని నా ఆశ.

"తప్పకుండా మేడమ్." కారు వెళ్ళిపోయింది.

బక్కాయన వైపు తిరిగాను. "ఇప్పుడు చెప్పు. నీ కోళ్ళేమయ్యాయి?"

"అమ్మే..."

"గుమాస్తా చక్కెర రోగి. మందు లేక రెండు రోజులైంది. బతికుంటే ఎక్కడో చావు బతుకుల మధ్య ఉన్నాడు. నువ్వు ఇంకో అబద్ధం ఆడితే వాడి చావు నీ నెత్తిన పడుతుంది, నేనే పడేస్తాను."

అతను పొట్టు మీద చతికిలబడ్డాడు. ఏడుస్తూనే చెప్పాడు.

"నావి నేనే పూడ్చుకున్నానండి. సాయం సంగతి ఇంకా తెలియకముందే. దాణా లేదండి. ఆకలికి ఒకదాన్నొకటి పొడుచుకుని తింటుంటే చూడలేకపోయాను. గొయ్యి తవ్వి... మట్టి కప్పాక కూడా అరిచాయండి. వారం తిరక్కుండా చెప్పారు, బతికుంటేనే డబ్బులని. నాలాంటోళ్ళు చాలామంది ఉన్నారు. అప్పుడు పెద్దన్నొచ్చి, తెల్లారకముందే లారీలో కోళ్ళు దింపుతా, గుమాస్తా చూసి వెళ్ళాక మళ్ళీ ఎక్కించుకుపోతా, వచ్చిందాంట్లో సగం నీకు సగం నాకు అన్నాడు. సరేనన్నానండి. తప్పే. మా నోట్లో నాలుగు మెతుకులు పడ్డాయంటే ఆయన వల్లే కదా అనుకున్నాం."

"ఊరికొక షెడ్డు, అన్నింట్లో అవే కోళ్ళు?"

"అవేనండి. గుమాస్తాగారికి అనుమానమొచ్చి, అంతకుముందు చూసిన ఊళ్ళో ఒక కోడి రెక్క కింద స్టాంపు సిరా పూశారట. మొన్న ఇక్కడికొచ్చి దాన్నే పట్టుకున్నారు. ఆ ఊదారంగు మరక చూసి నవ్వారండి. నువ్వేం భయపడకు, ఇది నీ బుర్రలో పుట్టింది కాదులే అన్నారు. మంచాయన. నేనే... నేనే ఆగలేక పెద్దన్నకి ఫోన్ చేసి మరక సంగతి చెప్పేశానండి. కాసేపటికి పెద్దన్న ఆయనకు ఫోన్ చేసి ఎక్కడికో రమ్మన్నాడు. అంతే, మళ్ళీ చూడలేదు. బండి ఇక్కడికెలా వచ్చిందో నాకు తెలీదు."

"ఆ కోళ్ళు ఎక్కడుంటాయి?"

"దేవుడి తోడు, తెలీదండి."

ఇన్‌స్పెక్టరు నన్ను పక్కకు లాగాడు. పెద్దన్న ఆ తలుపెందుకు తట్టాడో అతనికి చెప్పాను. అతని నవ్వు పోయి కోపం వచ్చింది. "వదినా, పెద్దన్న మీద చెయ్యేస్తే జిల్లా మొత్తం నా స్టేషను ముందు కూర్చుంటుంది. వీడు తప్పించుకోడానికి ఎన్నైనా చెప్తాడు. ఆయన తలుపు తట్టాడని అరెస్టు చెయ్యమంటారా? నా ఉద్యోగంతో ఆడుకోకండి."

"నీ ఉద్యోగం పోతే మా ఇంట్లో తిందువుగాని. ఆ మనిషి ప్రాణం పోతే ఎక్కడ తెస్తావ్?" రుమాలు విప్పి అతని మొహం ముందు పెట్టాను. "ఈ కోళ్ళు ఉండే చోట ఎర్ర రెగ్జిన్ కుర్చీలున్నాయి. స్పాంజి పెట్టినవి. చూసి చెప్పు."

"బస్సు సీట్లు," అన్నాడు విసుగ్గా.

"షెడ్డు నిండేన్ని కోళ్ళు బస్సులో పడతాయా?"

అతను ఆ పేలికను వేళ్ళ మధ్య నలిపాడు. మెల్లగా అతని మొహం మారింది. అప్పుడు మాత్రం పోలీసులా కనిపించాడు.

"సినిమా హాలు," అన్నాడు. "రోగం మొదలైనప్పటినుంచి మూసే ఉంది. వదినా... దాని ఓనరు పెద్దన్నకి వియ్యంకుడు."

"పద."

"వారెంటు..."

"నువ్వు వారెంటు తెచ్చుకో. నేను నడిచైనా పోతాను."

తిట్టుకుంటూనే జీపు స్టార్టు చేశాడు.

హాలు ముందు తలుపుకు గొలుసు, తాళం ఉన్నాయి. వెనక తలుపు గడియను ఇన్‌స్పెక్టరు ఇనప కడ్డీతో ఊడబెరికాడు. బక్కాయన్ని ముందు నడవమన్నాం, కోళ్ళు బెదరకుండా. లోపల అడుగుపెట్టగానే ఘాటు ముక్కుల్లో గుచ్చుకుంది. మసక వెలుతురులో వరస వరసలుగా కుర్చీలు. ప్రతి కుర్చీ మీదా కోళ్ళు. చేతుల మీద, వీపుల మీద, మెట్ల మీద, తెర కింద, ఎక్కడ చూసినా కోళ్ళే. బక్కాయన వాటి మధ్య నిలబడిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను భుజం తట్టేదాకా కదల్లేదు.

ప్రొజెక్టరు గది పైన ఉంది. బయట గడియ వేసి ఉంది. తీశాం.

గుమాస్తా నేల మీద పక్కకు తిరిగి పడున్నాడు. మోకాళ్ళ మీద కూలబడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. ఊపిరి ఉంది, లోతుగా, తొందరతొందరగా. ఆ ఊపిరి, చక్కెర హద్దు దాటితే వచ్చే మగ్గిపోయిన పండు వాసన కొడుతోంది. పెదాలు ఎండి చీలిపోయాయి. పక్కన ఖాళీ టీ గ్లాసులు, కూల్‌డ్రింకు సీసాలు దొర్లుతున్నాయి. ఒక గ్లాసు అడుగున కరగని చక్కెర గడ్డకట్టి ఉంది.

"బాబూ, నేను. విజిలెన్స్ మేడమ్‌ని."

కళ్ళు సగం తెరిచాడు. "నీళ్ళు... నీళ్ళు అడిగితే... టీ ఇచ్చాడు మేడమ్. అదే తాగాలన్నాడు. మందు తెప్పించమని కాళ్ళు పట్టుకున్నా. పెద్దన్న... నవ్వాడు. తాగరా, ఆకలి తీరుతుందన్నాడు."

ఇన్‌స్పెక్టరు నా వెనక నిలబడి ఉన్నాడు. బక్కాయన వేలాడే చేతులతో తలుపు దగ్గర నిలబడ్డాడు. ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. ఒంటి మీద దెబ్బ లేదు, కడుపులో విషం లేదు. రేపో మాపో ఏ కాలవ గట్టునో శవం దొరికితే, పాపం చక్కెర రోగి, మందు మరిచిపోయి వెళ్ళాడు అనుకుంటారు. పోస్టుమార్టం కూడా ఆ మాటే చెప్తుంది.

ఇన్‌స్పెక్టరు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఆసుపత్రి డాక్టరు లైన్లోకి వచ్చి, ఏ మందు వాడతాడు, ఆఖరుసారి ఎప్పుడు పొడుచుకున్నాడు కనుక్కోమన్నాడు. గుమాస్తా మళ్ళీ మగతలోకి జారిపోయాడు. అతని భార్యకు నేను ఫోన్ కలిపాను.

ఒక్క రింగుకే ఎత్తింది. "దొరికారా అండీ?"

ఆ గొంతు వినగానే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పబోతున్నాను. ఇంతలో ఫోనులో కారు హారను వినిపించింది.

"ఎక్కడున్నావమ్మా?"

"అన్నయ్య కారులో అండీ. మీరే పంపించారటగా. ఆయన దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. పెట్రోలు కొట్టించడానికి దిగాడు."

"మీ ఆయన వాడే మందు ఇంట్లో ఉందా?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "మీకు అబద్ధం చెప్పానండి, క్షమించండి. మందు మొన్న సాయంత్రమే అన్నయ్యకి ఇచ్చేశాను. మా ఆయన ఎవరి దగ్గరో డబ్బు తీసుకుని దొరికిపోయారట. గొడవ సద్దుమణిగేదాకా నేనే దాచి ఉంచాను, ఎవరికీ చెప్పకు, ఉద్యోగం పోతుంది, మందు నేనందిస్తాను అన్నాడు. ఆయనకు అందింది కదండీ? వేసుకుంటున్నారు కదా?"

మందు వాడి చేతుల్లోనే ఉంది. రెండు రోజులుగా. ఆ సంగతి తెలిసినది లోకంలో ఒక్క ఈ పిల్లకే, ఆ పిల్లే ఇప్పుడు వాడి కారులో కూర్చుంది.

"అమ్మా, నా మాట విను. ఏమీ అడక్కు. కారు దిగి పెట్రోలు బంకు లోపలికి పో. ఇప్పుడే."

"ఎందుకండీ? వచ్చేశాడు..."

కారు తలుపు వేసిన చప్పుడు. "ఎవరమ్మా?" అన్న గొంతు. "మేడమ్ అన్నయ్యా." ఫోను చేతులు మారింది.

"చెప్పండి మేడమ్. ఏమైనా తెలిసిందా?"

నా మోకాళ్ళ దగ్గర గుమాస్తా కళ్ళు తెరిచాడు. భార్య గొంతు విన్నాడేమో, చెయ్యి ఎత్తబోయాడు. నేను ఆ చేతిని పట్టుకుని నొక్కాను.

"లేదు పెద్దన్నా. ఇంకా దొరకలేదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇక్కడే ఉన్నాం, బక్కాయన షెడ్డులో. ఆ అమ్మాయిని ఇక్కడికి తీసుకురండి, కొన్ని అడగాలి."

ఫోనులో ఇంజను చప్పుడు వినపడుతోంది. ఇన్‌స్పెక్టరు గది తలుపు మూయడానికి ఒక్క ఉదుటున దూకాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఖాళీ షెడ్డు కదా మేడమ్ అది," అన్నాడు పెద్దన్న, చాలా మర్యాదగా. "అన్ని కోళ్ళు అరుస్తున్నాయేమిటి?"

ఫోను కట్టయింది. ఇన్‌స్పెక్టరు మెట్లమీదుగా పరిగెడుతున్నాడు. నేను మళ్ళీ మళ్ళీ ఆ నంబరు నొక్కుతున్నాను, స్విచ్చాఫ్ అని వస్తోంది.

గుమాస్తా నా చెయ్యి వదల్లేదు.

"మా ఆవిడేనా మేడమ్?" అన్నాడు. "మందు తెస్తోందా?"